పంట బండి ఎక్కకముందే ఇంటి వాటా తీయండి



దసరా దాటింది. మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏ పల్లెకు పోయినా ఇప్పుడు ఒకటే సందడి. ఒక పక్క బుడ్డలు పీకుతున్నారు. ఇంకో పక్క పత్తి తీత నడుస్తా ఉంది. కొర్ర కోతలు అయిపోయాయి. ఉల్లిగడ్డలు కుప్పలు పోసి ఉన్నాయి. పందిరి మీద ముదిరిన బీరకాయలు, సొరకాయలు ఎండుతున్నాయి. ఏడాది మొత్తంలో రైతు ఇల్లు నిండుగా కనపడేది ఈ రెండు నెలలే.

అదే ఇంటికి సంక్రాంతి దాటినాక పోయి చూడండి. వంటింట్లో ప్యాకెట్ నూనె, మంచం మీద సింథటిక్ దూది దిండు, కొట్టంలో నైలాన్ తాడు, గిన్నెలు తోమే దగ్గర ప్లాస్టిక్ పీచు ఉంటాయి. వీటన్నిటికీ బదులుగా వాడుకోగలిగినవి మన పొలంలోనే పండాయి. వాటిని చవగ్గా అమ్మేసి, వాటి పని చేసే వస్తువులను డబ్బిచ్చి తెచ్చుకున్నాం.

ఈసారి ఇంట్లో ఏమేం నిలవ చేసుకోవచ్చు, ఏమేం తయారు చేసుకోవచ్చు అనేది మాట్లాడుకుందాం. చేతిపని ఎలా చేయాలో వీడియోలో చూపించాను. కొలతలు, లెక్కలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నా.

ఇంటి వాటా అంటే

మా జేజి కాలంలో కల్లంలో కొలత మొదలయ్యే ముందే రెండు కుప్పలు పక్కకు తీసేవాళ్లు. ఒకటి విత్తనానికి, ఒకటి ఇంటికి. రెండూ మేలైన గింజతోనే. ఆ తరువాతే అమ్మకం.

ఇప్పుడు లెక్క తిరగబడింది. మేలైన సరుకు మార్కెట్‌కు పోతుంది. రెండో రకం ఊళ్లో వ్యాపారికి పోతుంది. ఎవరూ కొననిది ఇంటికి వస్తుంది. ప్రకృతి వ్యవసాయం చేసే మనం కూడా ఇట్లనే చేస్తే, మందులు లేకుండా పండించిన పంటలో మంచిది పట్నం వాళ్లు తింటారు, తాలు మన పిల్లలు తింటారు. అందుకే ఈ వ్యాసం అంతా ఒక మాట చుట్టూనే తిరుగుతుంది: ఇంటికి పనికొచ్చేది ముందు తీయండి, అదీ మంచిదే తీయండి. పంట మొత్తంలో అది చిన్న భాగమే.

బుడ్డలు: నూనెకు కూడా ఏరిన కాయే కావాలి

నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. సొంత సేద్యంతో పాటు చిన్న కట్టె గానుగ నడుపుతున్నా. చుట్టుపక్కల రైతులు బుడ్డలు తెచ్చి ఆడించుకుని పోతారు. ఒకసారి ఒక పెద్దాయన రెండు బస్తాలు తెచ్చాడు. మూతి విప్పగానే బూజు వాసన కొట్టింది. మంచి కాయ అమ్మేసి, వానకు తడిసి నల్లబడింది, పురుగు తొలిచింది, ముడతలు పడింది గానుగకు తెచ్చాడు.

"ఏమప్పా, నూనె ఆడేదానికి అన్నీ ఒకటే గదా. ఆడినాక నల్లకాయో తెల్లకాయో ఎవరికి తెలుస్తాది?" అన్నాడు.

"తెలియదు మామా. అందుకే ఆడను" అన్నాను.

ఆయన కోపంగా బస్తాలు మళ్లీ బండికి ఎత్తించుకుని పోయాడు. ఇంకో గానుగకు పోయుంటాడు. నాకు ఆ రోజు ఆడింపు కూలి పోయింది. అయినా ఎందుకు ఆడనన్నానో వివరంగా చెప్తాను. ఎందుకంటే ఇది ఆయన ఒక్కడి అలవాటు కాదు.

బుడ్డలకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాయ ఊరే దశలో బెట్ట తగిలినా, పీకిన తరువాత కాయ సరిగా ఆరకపోయినా ఈ బూజు పెరుగుతుంది. మన దగ్గర రెండూ జరుగుతాయి. సెప్టెంబరులో వాన ముఖం చాటేస్తుంది, అక్టోబరులో కుప్పల మీద పడుతుంది. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. వేయించినా, వండినా పూర్తిగా పోదు. ఫ్యాక్టరీలో రిఫైన్ చేసేటప్పుడు చాలా వరకు పోతుంది. కానీ మన గానుగ నూనెను మనం వడకట్టడమే తప్ప రిఫైన్ చేయం గదా. కాబట్టి గానుగ నూనె మంచిదనే మాట, గానుగలో పోసిన కాయ మంచిదైతేనే నిజం.

ఇంకో సంగతి. గానుగ ఆడినప్పుడు ఈ విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. ఆ చెక్క బర్రెకు పెడితే పాలలోకి వస్తుంది. ఆ పాలు మళ్లీ మన పిల్లలకే.

చేయాల్సింది ఇది. మొక్కలు పీకిన వెంటనే కాయలు పైకి, ఆకు కిందికి ఉండేలా తిరగేసి వరుసలుగా వేయండి. ఎండను బట్టి మూడు నుంచి ఐదు రోజులు. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. గింజను వేళ్ల మధ్య నలిపితే పొర ఊడి రావాలి. అప్పుడే కాయ తెంపి, మళ్లీ పలచగా పోసి ఆరబెట్టి, గోనె సంచుల్లో పోయాలి. తేమ ఎనిమిది శాతం దాటకుండా చూసుకోవాలి. సంచులు నేల మీద కాదు, చెక్కల మీద పెట్టండి. నిలవ చేసేది కాయతోనే, గింజ ఒలిచి కాదు. ఆడించే ముందు ఒలిచి, నల్లవి, ముడతలవి, పగిలినవి ఏరేయండి. ఏరేసినవి పశువులకు, కోళ్లకు వేయొద్దు. మనుషులు, పశువులు తిరగని చోట గుంత తీసి పూడ్చేయండి.

ఇక లెక్క. 100 కిలోల కాయకు సుమారు 70 కిలోల గింజ వస్తుంది. కట్టె గానుగలో దానికి 25 నుంచి 28 కిలోల నూనె దిగుతుంది. ఐదుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు వాడినా, ఏడాదికి ఒకటిన్నర క్వింటాళ్ల కాయ సరిపోతుంది. 2025–26లో బుడ్డలకు మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంటే ఏడాది నూనెకు మీరు అమ్మకుండా ఆపిన కాయ విలువ సుమారు 11 వేలు. దానికి ఆడింపు కూలి కలపండి. అంగట్లో గానుగ నూనె లీటరు ఎంత ఉందో చూసి మీరే పోల్చుకోండి. పైగా చెక్క మీ పశువులకే. పొట్టు కూరగాయ మళ్లలో ఆచ్ఛాదనకు, కోళ్ల గూట్లో పరుపుకు పనికొస్తుంది.

పత్తి: నాలుగున్నర కిలోలకు ఒక దిండు

ఆదోని అంటే పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. అయినా ఆదోని చుట్టూ ఉన్న ఊళ్లలో పత్తి పండించే వాళ్లే సింథటిక్ దూది దిండ్లు కొంటున్నారు. ఎండాకాలం చెమటకు అవి ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు.

100 కిలోల పత్తి జిన్నింగ్ ఆడిస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది, మిగిలింది గింజ. ఒక దిండుకు కిలోన్నర దూది అనుకుంటే నాలుగున్నర కిలోల పత్తి చాలు. పొడవు పింజ పత్తికి 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కన ఒక దిండులో మీ పత్తి విలువ 365 రూపాయలు. ఇంట్లో నాలుగు దిండ్లు, ఒక పరుపు చేయించుకోవాలంటే అర క్వింటాలు కూడా పట్టదు.

దీనికి మొదటి, రెండో తీత పత్తి తీసిపెట్టండి. మంచు ఆరినాక, బాగా విచ్చుకున్న కాయల నుంచే తీయాలి. ఎండాకు ముక్కలు అంటుకోకుండా చూడాలి. చివరి తీతలో పురుగు కొట్టిన పసుపు పత్తి దిండులో పోస్తే గడ్డలు కడుతుంది. గింజ తీసిన దూదిని పరుపులు కుట్టేవాళ్ల దగ్గర ఏకించి, ఎమ్మిగనూరు నూలు గుడ్డతో గలీబు కుట్టించుకోండి.

పిడికెడు పత్తి మాత్రం మిల్లుకు పంపొద్దు. రాబోయేది కార్తీకం. పౌర్ణమికి 365 వత్తులు వెలిగించే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. చేత్తో గింజ తీసి, దూది సాగదీసి, అరచేతిలో వత్తి చేసే పని ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు కలిసి కూర్చుని చేసుకునేది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్న నూలు తీస్తారు. అంత నేర్పు అక్కర్లేదు, వత్తికి రెండు చేతులు చాలు.

పత్తి కట్టె గురించి ఒక హెచ్చరిక. పొయ్యిలోకని ఇంటి పక్క వామి వేసి జూన్ దాకా ఉంచొద్దు. ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని, వచ్చే ఏడాది పంట మీదికి మళ్లీ వస్తుంది. చివరి తీత కాగానే కట్టె పీకి, ముక్కలు చేసి వాడేయండి. బీటీ హైబ్రిడ్ పత్తి గింజ విత్తనానికి దాచుకోవద్దు, ఆ గుణాలు మళ్లీ అట్లే రావు.

ఉల్లి: ధర లేనప్పుడు ఒరుగులు

2025 సెప్టెంబరులో కర్నూలు ఉల్లి ధర ఎంత దిగజారిందో మనందరం చూశాం. క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రభుత్వం ముందుకు రావాల్సి వచ్చింది. తరువాత హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. ఇంట్లో ఉల్లి ఎండబెట్టుకుంటే ఉల్లి రైతు గట్టెక్కుతాడని నేను చెప్పను. వంద బస్తాల నష్టాన్ని నాలుగు చాటల ఒరుగులు పూడ్చవు. కానీ నేడు పారబోసే ఉల్లినే రేపు అంగట్లో కిలోల లెక్కన కొనే అవస్థ మన ఇంటికి రాకుండా చేయొచ్చు.

ఖరీఫ్ ఉల్లి రబీ ఉల్లి లాగా నెలల తరబడి నిలవ ఉండదు, నీరు ఎక్కువ. కాబట్టి రెండు భాగాలు చేయండి. మెడ సన్నగా ఉన్న గట్టి గడ్డలను ఆకుతో సహా నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, ఆకులు జడ అల్లి గాలి ఆడే వసారాలో వేలాడదీయండి. ముందు వీటిని వాడుకోవాలి. మెడ లావుగా ఉన్నవి, జంట గడ్డలు ఒరుగులకు.

మామిడి ఒరుగులు, మటిక్కాయ ఒరుగులు మనకు కొత్త కాదు. ఉల్లీ అంతే. మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందంలో చక్రాలు కోసి, రేకులు విడదీసి, శుభ్రమైన గుడ్డ మీద పలచగా పరవండి. పైన ఇంకో పలచటి గుడ్డ కప్పండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీయాలి. మూడు, నాలుగు మంచి ఎండలకు విరిస్తే పటుక్కున విరగాలి. వంగితే ఇంకో ఎండ కావాలి. పది కిలోల గడ్డలకు కిలో అటూ ఇటూ వస్తుంది. గాలి చొరని డబ్బాలో పోసి పెడితే వేసవి దాకా పప్పులోకి, పొడుల్లోకి, తాలింపులోకి వాడుకోవచ్చు. మబ్బు పట్టిన రోజున కోయొద్దు. సగం ఎండి బూజు పట్టినవి పారేయాల్సిందే.

ఉల్లి పొట్టు, బంతిపూలు: గుడ్డకు రంగు

ఉల్లి కోసినచోట పొట్టు మిగులుతుంది, పండగ దాటినాక గుమ్మానికి కట్టిన బంతిదండలు మిగులుతాయి. ఈ రెండూ నూలు గుడ్డకు చక్కటి పసుపు రంగునిస్తాయి.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టించారు. ఆ సంఘం వల్లే ఎమ్మిగనూరు గుడ్డకు దూర ప్రాంతాల్లో కూడా పేరొచ్చింది. ఇంట్లో వెలిసిపోయిన తెల్ల పంచె, దుప్పటి ఉంటే దాన్నే తీసుకోండి. నూలు గుడ్డ కావాలి, పాలిస్టర్‌కు ఈ రంగు పట్టదు.

200 గ్రాముల బరువున్న గుడ్డకు: 40 గ్రాముల కరక్కాయ పొడి నీళ్లలో కలిపి గుడ్డను రాత్రంతా నానబెట్టి, పిండి ఆరేయండి. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ వాళ్లు కూడా గుడ్డకు మొదట పట్టించేది కరక్కాయే. రంగు నూలును అంటిపెట్టుకునేలా చేసేది అందులోని వగరు. తరువాత 30 గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి గుడ్డను రెండు గంటలు ఉంచండి. ఇంకో గిన్నెలో 150 గ్రాముల ఎండు ఉల్లి పొట్టు గంటసేపు మరిగించి వడకట్టి, ఆ నీళ్లలో గుడ్డ వేసి సన్నటి మంట మీద ముప్పావు గంట తిప్పుతా ఉండండి. అదే నీళ్లలో చల్లారనిచ్చి, జాడించి, నీడలో ఆరేయండి. బంగారు పసుపు వస్తుంది. బంతిరేకులైతే ఇంకా లేత పసుపు. ఎండలో ఆరేస్తే త్వరగా వెలుస్తుంది. దీనికి వాడిన గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.

బీర, సొర, గోగు

బీరపీచు కోసం చాలామంది తీగ చివర్లో కాసిన గిడసబారిన కాయలు వదిలేస్తారు. అట్ల కాదు. బలమైన తీగ మీద మొదట్లో కాసిన రెండు మూడు మంచి కాయలను ముట్టకుండా వదలండి. పీచు, విత్తనం రెండూ వాటిలోంచే వస్తాయి. కాయ గోధుమరంగుకు తిరిగి, తేలికై, గింజలు గలగలమన్నప్పుడు కోసి, మూతి దగ్గర కత్తిరించి గింజలు రాల్చండి. అరగంట నీళ్లలో నానబెడితే తొక్క సులభంగా ఊడుతుంది. పీచును కడిగి ఎండబెట్టండి. ఒళ్లు రుద్దుకోవడానికి, గిన్నెలు తోమడానికి బాగుంటుంది. వాడినాక ప్రతిసారీ ఆరనివ్వాలి. అరిగిపోతే ఎరువు గుంతలో వేయండి.

సొరబుర్రకు కూడా కాయను తీగ మీదే కాడ ఎండేదాకా ఉంచాలి. తరువాత నీడలో నెల, రెండు నెలలు వేలాడదీయండి. పైన పట్టే బూజును గీకేయండి. గింజలు మోగినప్పుడు మూతి కోసి, ఇసుక, నీళ్లు పోసి గిలక్కొట్టి లోపలి గుజ్జు వదిలించి, బాగా ఎండనివ్వాలి. పైన ఆముదం రుద్దితే చాన్నాళ్లు ఉంటుంది. చేదు సొర బుర్రకే వాడండి, కూరకు వద్దు, అది విషం.

పుండికూర తింటాం గానీ గోగునార తీయడం మర్చిపోయాం. కొర్ర చేను చుట్టూ నాలుగు సాళ్లు గోగు వేసుకున్నవాళ్లు పూత మీద ఉండగా కోయండి. పూర్తిగా ముదిరితే నార పెళుసవుతుంది. ఆకు రాలినాక కట్టలు కట్టి, 10 నుంచి 15 రోజులు నీళ్లలో మునిగేలా రాళ్లు పెట్టండి. తాగునీటి చెరువులో, చేపలున్న కుంటలో నానబెట్టొద్దు, నీరు కుళ్లి చేపలు చస్తాయి. బెరడు జారి వస్తున్నప్పుడు నార లాగి, కడిగి ఎండబెట్టండి. ఎద్దు మెడకు నైలాన్ తాడు కట్టి చూడండి, గోగు తాడు కట్టి చూడండి. ఒరుసుకుని పుండు పడేది దేనికో తెలిసిపోతుంది. ఉట్టి అల్లి ఉల్లి జడలు పెట్టుకోవడానికీ ఇదే నార.

చివరిగా విత్తనం

ఇంటి వాటాలో అసలైనది ఇదే. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లమంటున్నారు. ఏప్రిల్, మేలో విత్తనాల కోసం తిరిగితే దొరికేవి నాలుగైదు రకాలు, అదీ అడిగినంత ధరకు. అవే విత్తనాలు ఇప్పుడు మన పెరట్లో ఉన్నాయి. కొర్ర, సజ్జ, గోగు, బీర, సొర, మటిక్కాయ, అలసంద, ఆముదం, బంతి. రకానికి పిడికెడు నుంచి కిలో దాకా తీయండి. రెండు మూడు ఎండలు చూపించి, చల్లారినాక జల్లించిన పిడకల బూడిద కలిపి, ఎండు వేపాకు వేసి సొరబుర్రలో పోసి మూతి మూయండి. పప్పుధాన్యాలకు బూడిద కాస్త ఎక్కువే కలపాలి, పురుగు ముందు వాటికే పడుతుంది. బుర్ర మీద రకం పేరు, తేదీ బొగ్గుతో రాయండి.

ఆడవాళ్లకు ఇవన్నీ తెలిసిన పనులే. వాళ్లకు తెలియకుండా జరిగేది అమ్మకం ఒక్కటే. అందుకే సరుకు బండికెత్తే ముందు ఇంట్లో కూర్చుని అడగండి: నూనెకు ఎన్ని బస్తాలు, దిండ్లకు ఎంత పత్తి, ఒరుగులకు ఎన్ని గడ్డలు, విత్తనానికి ఏమేం. ఒక కాగితం మీద రాసి, ఆ మేరకు కొలిచి లోపల పెట్టినాకే తూకానికి పోండి. ఈ వారం బుడ్డలు పీకేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టండి. కాయలు పైకి ఉండేలా తిరగేసి వేయడం మర్చిపోవద్దు, సాయంత్రానికి మబ్బు పట్టేలా ఉంది.